మోకాలు తిరగబెట్టినప్పుడు



పోయిన కార్తీకంలో మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. వచ్చిన పదో రోజున మా ఫ్లాట్‌లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం. కుర్చీ వేస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. పీట మీదే కూర్చుంది. అయిదు కథలూ, హారతీ అయ్యేసరికి రెండున్నర గంటలు. మర్నాడు బాగానే ఉంది. మూడోరోజు పొద్దున మంచం దిగబోయి "అమ్మా" అంటూ అక్కడే కూర్చుండిపోయింది. కుడి మోకాలు వాచింది, చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది.

"తిరగబెట్టింది నాన్నా. నాకిది మామూలే. రెండు బిళ్లలు పడితే తగ్గుద్ది" అంది.

నా సొరుగులో డైక్లోఫెనాక్ స్ట్రిప్ ఒకటి ఉంది. ఎప్పుడో నా నడుం నొప్పికి రాసిచ్చింది. అందులోంచి పొద్దున ఒకటి, రాత్రి ఒకటి ఇచ్చాను. రెండో రోజుకే నొప్పి తగ్గింది. "మా వాడు డాక్టర్ని మించాడు" అని అమ్మ ఊరికి ఫోన్ చేసి చెప్పింది కూడా. సోమవారం ఉపవాసం వచ్చింది. ఆ రోజు కూడా బిళ్ల మానలేదు, మంచినీళ్లు మాత్రం సరిగా తాగలేదు. అయిదో రోజుకి పాదాలు వాచాయి, అన్నం సయించలేదు, బీపీ చూస్తే 170 దాటింది. ఆస్పత్రికి తీసుకెళ్తే క్రియాటినిన్ 1.9. మూడు నెలల క్రితం ఊళ్లో చేయించిన పరీక్షలో అది 0.9.

డాక్టరుగారు మందుల చీటీ అడిగారు. అమ్మ రోజూ వేసుకునే బీపీ బిళ్లలో రెండు మందులు కలిసి ఉంటాయి. ఒకటి టెల్మిసార్టాన్, రెండోది ఒంట్లో నీటిని బయటికి పంపే హైడ్రోక్లోరోథయజైడ్. ఆ రెండింటికీ నేనిచ్చిన నొప్పి బిళ్ల తోడైంది, దాని మీద ఉపవాసం. ఇవన్నీ ఒక్కసారి పడితే కిడ్నీకి వెళ్లే రక్తం తగ్గిపోతుందట. ఈ కలయిక ప్రమాదమని డాక్టర్లకు బాగా తెలుసు, మన ఇళ్లలోనే తెలియదు. బిళ్ల ఆపి, నీళ్లు సరిపడా పట్టించి, వారానికోసారి రక్తపరీక్ష చేయించాం. మూడు వారాలకి క్రియాటినిన్ మళ్లీ 1.0కి వచ్చింది. ఆ మూడు వారాలూ నాకు సరిగా నిద్రపట్టలేదు.

నేను డాక్టర్ని కాను, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. చేసిన తప్పు తలకెక్కాక చదివినవి, అడిగి తెలుసుకున్నవి, అమ్మ మోకాలిని నాలుగు నెలలు గమనించి రాసుకున్నవి ఇక్కడ చెబుతున్నాను. మన సభ్యుల్లో ఒక డాక్టరుగారు ఇది చదివి రెండు మూడు చోట్ల దిద్దారు. చలికాలం వస్తే మనలో చాలామంది ఇళ్లకి అమ్మానాన్నలో అత్తమామలో వస్తారు. మోకాళ్ల నొప్పి లేనివాళ్లు అందులో ఎంతమంది ఉంటారో మీకు నేను చెప్పనక్కరలేదు.

గుజ్జు అరగడం వేరు, నొప్పి తిరగబెట్టడం వేరు

మోకాలి కీలులో ఎముకల చివర్ల మీద నున్నని మృదులాస్థి ఉంటుంది. మన పెద్దవాళ్లు "గుజ్జు అరిగిపోయింది" అనేది దీని గురించే. ఇది ఏళ్ల తరబడి నెమ్మదిగా పల్చబడుతుంది. దాంతోపాటు కింది ఎముక, కీలు చుట్టూ ఉన్న పొర, తొడ కండరం కూడా మారతాయి. దీన్నే ఆస్టియో ఆర్థరైటిస్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019 నాటికి ఈ జబ్బు ఉన్నవాళ్లు 52.8 కోట్ల మంది. అందరికంటే ఎక్కువగా, 36.5 కోట్ల మందికి, అది మోకాలిలోనే ఉంది. మొత్తం మీద నూటికి అరవై మంది ఆడవాళ్లు.

తిరగబెట్టడం సంగతి వేరు. అరిగిన కీలు మీద ఏదో ఒక రోజు అలవాటుకి మించిన భారం పడుతుంది. లోపలి పొర రేగి వాస్తుంది, ఒక్కోసారి నీరు చేరుతుంది. నొప్పి మామూలు స్థాయి నుంచి ఒక్కసారిగా పైకి లేచి, కొన్నాళ్లుండి, మళ్లీ కిందికి దిగుతుంది. చాలామందికి కొద్ది రోజుల్లో, కొందరికి రెండు వారాల్లో సర్దుకుంటుంది. వ్రతం ముందురోజు ఎక్స్‌రే తీసి, మూడోరోజు మళ్లీ తీస్తే రెండూ ఒకేలా ఉంటాయి. గుజ్జు మూడు రోజుల్లో అరగదు కదా.

ఇది అర్థమయ్యాక నాకు కంగారు తగ్గింది. నొప్పి ఎలాగూ దిగేదే అయినప్పుడు, మూడో రోజున మనం ఏది వాడితే దానికే పేరొస్తుంది. బిళ్ల వేస్తే బిళ్లకి, పసరు పూస్తే పసరుకి, ఎవరో చెప్పిన పొడి మింగితే ఆ పొడికి. ఆ పేరు నమ్మి మనం దాన్ని మళ్లీ మళ్లీ వాడతాం. అమ్మ దృష్టిలో నా డైక్లోఫెనాక్‌కి ఇప్పటికీ మంచి పేరే ఉంది. కిడ్నీ సంగతి "అది ఉపవాసం వల్ల" అంటుంది.

మొదటి రెండు మూడు రోజులు

మోకాలు వాచి వెచ్చగా ఉంటే చల్లదనం హాయినిస్తుంది. ఐస్ ముక్కల్ని పల్చటి తువ్వాల్లో చుట్టి పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టండి. రోజుకి మూడు నాలుగు సార్లు చాలు. ఐస్ నేరుగా చర్మానికి తగలకూడదు. వాపు లేకుండా, పొద్దున లేచేసరికి పట్టేసినట్టు మాత్రమే ఉంటే వేడి కాపడం బాగుంటుంది. షుగర్ వల్ల కాళ్లు మొద్దుబారినవాళ్లకి చల్లదనమైనా వేడైనా ఎంతుందో తెలియదు. వాళ్లకి పక్కన మనమే ఉండి చూడాలి.

విశ్రాంతి కావాలి, మంచం పట్టకూడదు. మెట్లు, కింద కూర్చోవడం, ఎక్కువసేపు నిలబడడం ఆపాలి. బాత్రూమ్‌కి, భోజనానికి, గంటకోసారి హాల్లోకి నాలుగడుగులు వేయడం ఆపకూడదు. మూడు రోజులు కదలకపోతే తొడ కండరం నీరసిస్తుంది, అది మోయవలసిన బరువు మళ్లీ కీలు మీదే పడుతుంది. పడుకున్నప్పుడు మోకాలి కింద దిండు పెడితే సుఖంగానే ఉంటుంది. కానీ రోజంతా అలాగే ఉంచితే కాలు వంగినట్టే బిగుసుకుంటుంది. దిండు మడమ కింద పెట్టండి. కాలు చాపుకుని, మోకాలిని పరుపుకి నొక్కుతున్నట్టు తొడ బిగించి అయిదు అంకెలు లెక్కపెట్టి వదలడం, పాదం పైకీ కిందికీ ఆడించడం నొప్పి ఉన్న రోజు కూడా చేయవచ్చు.

చేతికర్ర గురించి మా ఇంట్లో పెద్ద గొడవే అయింది. "కర్ర పడితే ముసలిదాన్ని అయిపోయాననుకుంటారు" అని అమ్మ పంతం. చివరికి మా ఆవిడ "అత్తయ్యగారూ, రెండు వారాలేనండీ, ఇంట్లోనే కదా" అంటే ఒప్పుకుంది. కర్ర పట్టుకోవలసింది నొప్పి ఉన్న మోకాలి వైపు కాదు, రెండో చేత్తో. కుడి మోకాలు నొప్పయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. కుడికాలు వేసేటప్పుడే కర్రా పడాలి. చెయ్యి వదులుగా వేలాడదీసి నిలబడితే కర్ర పిడి మణికట్టు ఎత్తుకి రావాలి. మెట్లు తప్పనిసరైతే ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. ఇది ఫిజియోథెరపిస్టు చెప్పిన రోజే అమ్మకి నచ్చింది. ఇప్పుడు ఊళ్లో అందరికీ తనే నేర్పుతోంది.

ఇక మందులు. ఒళ్లంతా తిరిగే బిళ్లకంటే ముందు ఆలోచించవలసింది మోకాలి మీద రాసే డైక్లోఫెనాక్ జెల్. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2019 మార్గదర్శకాలు మోకాలి నొప్పికి దీన్ని గట్టిగా సిఫారసు చేశాయి. బిళ్లతో పోలిస్తే రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. అయితే ఒకసారి రాసి "పనిచేయలేదు" అనకూడదు. రోజుకి మూడు నాలుగు సార్లు చొప్పున కొన్నాళ్లు రాయాలి. రాశాక గట్టిగా కట్టు కట్టడం, దాని మీద కాపడం పెట్టడం వద్దు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు జెల్‌కి కూడా డాక్టరుని అడగాలి.

పారాసెటమాల్ మోకాళ్ల మీద చేసే మేలు కొంచెమే, కానీ కిడ్నీకీ కడుపుకీ నొప్పి బిళ్లలంత ఇబ్బంది పెట్టదు. ఇక్కడ ఒక చిక్కుంది. మన ఊరి డోలో, ఇక్కడి పనడాల్ ఒకటే మందు. మా ఎదురింటి మామయ్యగారు పొద్దున డోలో 650, మధ్యాహ్నం పనడాల్, రాత్రి జలుబు బిళ్ల వేసుకునేవారు. ఆ జలుబు బిళ్లలోనూ పారాసెటమాలే ఉంది. పెద్దవాళ్లకి 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు. వయసు పైబడి, బక్కగా ఉన్నవాళ్లకి, లివర్ బాగాలేనివాళ్లకి ఇంకా తగ్గించాలి. ఎంతో డాక్టరే చెప్పాలి.

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్, ఎటొరికాక్సిబ్ లాంటి నొప్పి బిళ్లలు చెడ్డవని నేననడం లేదు. సరైన మనిషికి, సరైన మోతాదులో, కొద్ది రోజులకి డాక్టర్లే రాస్తారు. బీపీ, షుగర్, గుండె, కిడ్నీ, అల్సర్, రక్తం పల్చబడే మందు, వీటిలో ఏది ఉన్నా సొరుగులోంచి తీసి ఇవ్వకండి అంటున్నానంతే. అరవై దాటిన మన అమ్మానాన్నల్లో వీటిలో ఒక్కటైనా లేనివాళ్లు అరుదు.

సూట్‌కేసులో వచ్చే మందులు

అమ్మ సంచిలో ఒక స్ట్రిప్ మీద పారాసెటమాల్ పక్కన ట్రామడాల్ అని రాసి ఉంది. ఊళ్లో మోకాళ్ల నొప్పికి రాసిందే. ట్రామడాల్, కోడీన్ గల్ఫ్ దేశాల్లో నియంత్రణలో ఉన్న మందులు. చీటీ లేకుండా, అట్టపెట్టె పారేసి, విడి బిళ్లలు పొట్లంలో కట్టి తెస్తే విమానాశ్రయంలో పెద్ద చిక్కే. మీ వాళ్లు బయల్దేరకముందే వీడియో కాల్‌లో మందుల సంచి విప్పించి పేర్లు చూడండి. బ్రాండు పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు. ఇలాంటివేమైనా ఉంటే వాటి బదులు వేరే మందు రాయమని అక్కడి డాక్టర్నే అడగొచ్చు. మిగతా మందులకి కూడా అసలు పెట్టె, పేరున్న చీటీ దగ్గరుండాలి.

ఇంకొకటి పొడులు. పేరులేని పొట్లాల్లో వచ్చే "చెట్ల మందు" రెండు రోజుల్లో మాయ చేసినట్టు నొప్పి తీసేస్తే సంతోషించే ముందు అనుమానించండి. ఇలాంటి వాటిలో స్టెరాయిడ్ కలిపినవి మన దేశంలో ఎన్నోసార్లు పట్టుబడ్డాయి. మొహం ఉబ్బడం, షుగర్ పెరిగిపోవడం, ఆకలి ఎక్కువవడం దానికి గుర్తులు. చాలాకాలం వాడి ఉంటే ఒక్కసారిగా ఆపడం కూడా ప్రమాదమే, డాక్టరుకి చెప్పి ఆపాలి. వావిలాకు వేసి కాచిన నీళ్లతో కాపడం పెట్టుకుంటే ఎవరికీ నష్టం లేదు, హాయిగానే ఉంటుంది. జిల్లేడాకు వేడిచేసి కట్టేవాళ్లు మాత్రం జాగ్రత్త. ఆ పాలు చర్మాన్ని పొక్కిస్తాయి, కంట్లో పడితే కంటికే ముప్పు.

"గుజ్జు ఇంజెక్షన్లు", "ప్లాస్మా ఇంజెక్షన్లు" గురించి నన్ను చాలామంది అడిగారు. ప్లాస్మాని ఉత్త ఉప్పునీటి ఇంజెక్షన్‌తో పోల్చి ఆస్ట్రేలియాలో చేసిన పరీక్ష 2021లో వచ్చింది. ఏడాది తర్వాత నొప్పిలో గానీ మృదులాస్థిలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. గుజ్జు ఇంజెక్షన్ల మేలు కూడా సగటున చాలా స్వల్పమని పెద్ద సమీక్షలు చెబుతున్నాయి. ఖర్చు మాత్రం స్వల్పం కాదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ బాగా వాచిన మోకాలికి కొన్ని వారాలు ఉపశమనమిస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకి కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, ముందే చెప్పి చేయించుకోవాలి. మూడు నెలలకోసారి రెండేళ్లపాటు ఇస్తే ఏమవుతుందో చూసిన 2017 నాటి అధ్యయనంలో మృదులాస్థి ఇంకా ఎక్కువ పల్చబడింది, నొప్పిలో మాత్రం తేడా లేదు. గ్లూకోసమైన్ బిళ్లల్ని పైన చెప్పిన 2019 మార్గదర్శకాలు వద్దనే అన్నాయి. అమ్మకి నేను కొన్నవి రెండు డబ్బాలు ఇంకా ఉన్నాయి.

ఇది తిరగబెట్టడం కాదేమో అనుకోవలసినప్పుడు

మోకాలు ఎర్రగా, బాగా వేడిగా ఉండి జ్వరం, చలి వస్తే అది కీలులో ఇన్ఫెక్షన్ కావచ్చు. షుగర్ ఉన్నవాళ్లు, మోకాలు మార్పిడి అయినవాళ్లు, ఈమధ్యే మోకాలికి ఇంజెక్షన్ చేయించుకున్నవాళ్లు ఒక్క పూట కూడా ఆగకూడదు. పడిన తర్వాత కాలు నేల మీద ఆనించలేకపోతే ఎక్స్‌రే కావాలి. విమానం దిగిన కొద్ది రోజులకి ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిపుడితే రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. దానికి తోడు ఆయాసమో ఛాతీ నొప్పో వస్తే 999కి ఫోన్ చేయండి. సల్మానియా ఎమర్జెన్సీ రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. విజిట్ వీసా మీద వచ్చినవాళ్ల ఇన్సూరెన్సు కాగితం ముందే చదివి ఉంచుకోండి. ముందునుంచీ ఉన్న జబ్బులకి చాలా పాలసీలు వర్తించవు.

ఒక్క రాత్రిలో భరించలేనంత నొప్పి వస్తే యూరిక్ యాసిడ్ గానీ, పెద్ద వయసులో మోకాలికే ఎక్కువగా వచ్చే ఇంకో రకం స్ఫటికాలు గానీ కారణం కావచ్చు. పొద్దున లేచాక బిగుసుకుపోవడం అరగంటలో వదిలితే అది అరుగుదల లక్షణం. గంట దాటినా వదలకుండా, చేతివేళ్ల కీళ్లు కూడా వాస్తే రుమటాయిడ్ అనుమానించాలి. 2005-06లో రాయలసీమ మొదలుకుని రాష్ట్రమంతా చుట్టేసిన చికున్‌గున్యా మీలో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. జ్వరం తగ్గినా కీళ్ల నొప్పులు నెలలు, కొందరికి ఏళ్లు వదల్లేదు. నల్గొండ, ప్రకాశం జిల్లాల ఫ్లోరైడ్ ఊళ్లలో పుట్టి పెరిగినవాళ్లయితే ఆ మాట కూడా డాక్టరుకి చెప్పండి. ఇక్కడి డాక్టరుకి మన ఊరి నీళ్ల సంగతి తెలియదుగా.

వారమంతా సోఫా, శుక్రవారం మారథాన్

క్రియాటినిన్ దిగుతున్న రోజుల్లో నేను ఒక పని మొదలుపెట్టాను. మా ఉద్యోగాల్లో సిస్టం పడిపోతే లాగ్ చూస్తాం. పడిన క్షణం కాదు, అంతకుముందు ఏం జరిగిందో చూస్తాం. అలాగే అమ్మ మోకాలికీ ఒక కాగితం పెట్టాను. తేదీ, పొద్దున నొప్పి పదికి ఎంత, ఆ రోజు ఎంత నడిచింది, ఎంతసేపు కింద కూర్చుంది, మెట్లు, తిండి, నిద్ర. "నా మోకాలికి కూడా ఎక్సెల్ షీటా" అని నవ్వింది గానీ, అంకె అడిగితే మాత్రం బుద్ధిగా చెప్పేది.

నాలుగు నెలల్లో నొప్పి మూడుసార్లు తిరగబెట్టింది. మూడూ ఆదివారమో సోమవారమో. అమ్మ వంకాయని అనుమానించింది, నేను ఏసీని. వంకాయ తిన్న రోజులకీ నొప్పికీ సంబంధమే లేదు. ఏసీ రోజూ ఒకేలా ఉంది. వాతావరణం గురించి చదివితే పరిశోధనలు తలా ఒక మాట చెబుతున్నాయి. అసలు దొరికింది వేరే.

తెనాలిలో అమ్మ రోజూ రైతుబజారుకి, గుడికి, వీధి చివర పాల కేంద్రానికి నడుస్తుంది. ఇక్కడ ఆదివారం నుంచి గురువారం దాకా మేం ఆఫీసుకి పోతే తను సోఫా మీదే. రోజుకి వెయ్యి అడుగులు కూడా లేవు. శుక్రవారం రాగానే మేం "పాపం అమ్మ ఇంట్లోనే ఉంది" అని అన్నీ ఒక్కరోజే చూపిస్తాం. బాబ్ అల్ బహ్రెయిన్ దగ్గర కారు దొరికిన చోట ఆపి, సూక్ సందుల్లోంచి రెండు వందల ఏళ్ల నాటి శ్రీకృష్ణ మందిరం దాకా నడక, అక్కడ నేల మీద కూర్చుని భజన, సాయంత్రం బహ్రెయిన్ కోట మెట్లు, రాత్రి మాల్. ఒకసారి ఫోన్‌లో చూస్తే పదకొండు వేల అడుగులు. నొప్పి ఆ రోజు రాదు, రెండు మూడు రోజుల తర్వాత వస్తుంది. అందుకే మాకు ముడి తెలియలేదు. వ్రతం నాటి లెక్క కూడా ఇదే.

ఈ సంగతి చెబితే డాక్టరుగారు ఆశ్చర్యపోలేదు. నొప్పి తగ్గిన రోజు మితిమీరి, పెరిగిన రోజు పూర్తిగా మానేయడం చాలామంది చేసేదేనట. మేం చేసిన మార్పు చిన్నది. రోజూ నడక, శుక్రవారం తక్కువ. సాయంత్రం మా వీధిలోనే పది నిమిషాలతో మొదలుపెట్టి వారానికి రెండు మూడు నిమిషాలు పెంచాం. వేసవిలో మధ్యాహ్నం బయట పనిని ప్రభుత్వమే నిషేధించే దేశం ఇది. అప్పుడు వచ్చేవాళ్లకి సిటీ సెంటర్, సీఫ్ లాంటి మాల్స్ పొద్దుటిపూట, జనం రాకముందు మంచి నడక దారులు. ఎంత నడిస్తే ఎక్కువో తెలుసుకోవడానికి ఫిజియోథెరపిస్టు చెప్పిన కొలత బాగా పనికొచ్చింది. నడిచాక కొంచెం నొప్పి వచ్చినా, మర్నాడు పొద్దుటికి ఎప్పటి స్థాయికి దిగితే ఆ మోతాదు సరే. దిగకపోతే తగ్గించాలి.

నడకతోపాటు తొడ కండరానికి పని కావాలి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, ఎనిమిది పది సార్లు. మొదట్లో కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుకోవచ్చు. పడుకుని ఒక కాలు మడిచి, రెండో కాలిని చాపి జానెడు ఎత్తి అయిదు అంకెలు ఆపడం. వారానికి మూడు నాలుగు రోజులు చాలు. ఫలితం కనబడడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. నాలుగో రోజున "ఏం తగ్గలేదురా" అని అమ్మ మానేయబోతే, మనవడితో పోటీ పెట్టాం. వాడు ఇరవై, నానమ్మ ఎనిమిది.

బరువు మాట పెద్దవాళ్లతో అనడం కష్టం. అయినా ఒక లెక్క చెబుతాను. ఒంట్లో ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద పడే భారం దాదాపు నాలుగు కిలోలు తగ్గుతుందని 2005లో ఒక అధ్యయనం కొలిచి చూపింది. అమ్మ నాలుగు నెలల్లో రెండు కిలోలు తగ్గింది. రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె, ప్రసాదం పులిహోర దొన్నె ఒక్కటే. విటమిన్ డి లోటుంటే తీర్చుకోవాలి గానీ, అది మోకాలి నొప్పికి మందు కాదు. ఇన్ని చేసినా నొప్పి రాత్రిళ్లు నిద్ర లేపుతుంటే, రెండు మూడు నెలలైనా మామూలు స్థాయికి దిగకపోతే ఆర్థోపెడిక్ డాక్టరుతో మోకాలి మార్పిడి మాట మాట్లాడుకోవడమే మంచిది. అది ఓటమేమీ కాదు.

గుళ్లో కుర్చీల సంగతి

వెనక వరసలో వేసిన కుర్చీలు సగం ఖాళీగా ఉంటాయి, పెద్దవాళ్లు నేల మీద నొప్పి ఓర్చుకుంటూ కూర్చుంటారు. దేవుడి ముందు కుర్చీలో కూర్చోవడం తప్పని వాళ్ల మనసులో ఉంది. దీని మీద పూజారిగారిని అడిగితే నవ్వి, "నాకూ అరవై దాటాయి బాబూ, మోకాళ్లు మోపి నమస్కారం నేనూ మానేశాను, నిలబడే పెడుతున్నాను" అన్నారు. ఆ మాట ఆయనే వచ్చే శుక్రవారం హారతి తర్వాత చెబుతానన్నారు. కుర్చీల్లో రెండు వరసలు ఈసారి ముందుకి, గోడవారగా వేస్తున్నాం. చేతులున్న కుర్చీలు పెద్దవాళ్లకి వదిలి, చేతులు లేనివి మనం తీసుకుందాం. వ్రతాలు ఇళ్లలో చేయించుకునేవాళ్లు పీట బదులు ఎత్తు బల్ల అడిగితే గుడి స్టోరులో రెండున్నాయి.

అమ్మ మళ్లీ ఈ కార్తీకానికి వస్తోంది. టికెట్ అయింది, మందుల పేర్లు వీడియోలో చూసి రాసుకున్నాను, ట్రామడాల్ ఉన్న బిళ్ల అక్కడే మార్పించాం. నా సొరుగు ఖాళీ చేశాను. నొప్పి రాసుకునే కాగితం, దాని వెనకవైపు మందుల చీటీ, డాక్టరు నంబరు, అలర్జీలు రాసుకునే చోటు పెట్టి ఒక నమూనా అచ్చువేశాం. శుక్రవారాల్లో ప్రసాదం కౌంటర్ పక్కన ఉంటుంది, కావలసినవాళ్లు తీసుకోండి. అక్షరాలు పెద్దవిగా వేయించాం, అద్దాలు మర్చిపోయి వచ్చేవాళ్లకి కూడా కనబడతాయి.